సున్నం క్యూబ్‌లు 28 రోజులైనా గట్టిపడలేదు. థీసిస్ గంగలో కలిసినట్టేనా?

గోనెపట్టా అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. టెన్షన్‌లో రాస్తున్నాను, ఎక్కడైనా తికమకగా ఉంటే అడగండి, చెప్తాను.

బీటెక్ సివిల్ చేసి, ఇప్పుడు ఆర్కిటెక్చర్‌లో కన్జర్వేషన్ వైపు వచ్చాను. పాత గోడల మరమ్మతుకు వాడే సున్నపు మోర్టార్ (ఇటుకల మధ్య అతుకులో పెట్టే ముద్ద) నా థీసిస్. మూడు మిక్స్‌లు పెట్టుకున్నాను. మొదటిది ఉత్త సున్నం, ఇసుక, కొలతలో ఒకటికి మూడు. రెండోదానిలో సున్నం బరువులో 10 శాతం తీసేసి మెటాకయోలిన్ (కాల్చిన తెల్ల బంకమట్టి పొడి) కలిపాను. మూడోదానిలో 20 శాతం. మిక్స్‌కి 12 చొప్పున మొత్తం 36 క్యూబ్‌లు, 50 మి.మీ. సైజు. 7, 28, 56, 90 రోజులకు మూడేసి పగలగొట్టాలని ప్లాన్.

నిజానికి ఇది రెండో బ్యాచ్. మొదటి బ్యాచ్ సంగతి చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. బీటెక్‌లో సిమెంట్ క్యూబ్‌లు చేసిన అలవాటు కొద్దీ మర్నాడే మోల్డ్ విప్పి క్యూరింగ్ ట్యాంక్‌లో, అంటే నమూనాలు నానబెట్టే నీళ్ళ తొట్టిలో, వేసేశాను. తెల్లారి వెళ్ళి చూస్తే ఉత్త సున్నం క్యూబ్‌లు ఒక్కటి కూడా లేదు. ట్యాంక్ అడుగున ఇసుక కుప్పలు, పైన మజ్జిగ లాంటి తెల్ల నీళ్ళు. ఆ ట్యాంక్‌లో ఇంకో సీనియర్ కాంక్రీట్ సిలిండర్లు కూడా ఉన్నాయి. ఆయన ఏమన్నారో ఇక్కడ రాయలేను.

ఈసారి జాగ్రత్తపడి ట్యాంక్ జోలికి పోలేదు. మూడు రోజులు మోల్డ్‌లోనే ఉంచి, తర్వాత తడి గోనెపట్టా కప్పి, రోజుకు రెండుసార్లు నీళ్ళు చల్లుతూ వచ్చాను. ఆదివారాలు కూడా వెళ్ళాను. నిన్నటికి 28 రోజులు. రిజల్ట్ ఇదీ, మెగాపాస్కల్‌లలో (చదరపు మి.మీ.కి ఎన్ని న్యూటన్ల బలానికి పగిలిందో):

ఉత్త సున్నం: 0.4, 0.8, 0.4
10 శాతం మెటాకయోలిన్: 1.2, 0.8, 1.2
20 శాతం మెటాకయోలిన్: 2.4, 2.8, 2.0

7 రోజులప్పుడు ఉత్త సున్నానికి మెషిన్‌లో రీడింగే రాలేదు, మూడూ సున్నా అని రాసుకున్నాను. సున్నం థీసిస్ కదా, సున్నాలే వస్తున్నాయని ఫ్రెండ్స్ ఒకటే జోకులు.

గైడ్ చూసి, ఉత్త సున్నంలో వేరియేషన్ 43 శాతం ఉంది, ఈ డేటా ఏ కమిటీ ముందూ నిలబడదు, మిక్స్ మార్చి మళ్ళీ మొదలుపెట్టమన్నారు. నాకు మిగిలింది ఆరు నెలలు. 18 క్యూబ్‌లు ఇంకా గోనె కిందే ఉన్నాయి. పగిలిన ముక్కల్ని కూడా మిక్స్‌వారీగా జిప్ కవర్లలో దాచాను, పారేయడానికి మనసొప్పలేదు.

సున్నం మంచిది కాదా? నీళ్ళు ఎక్కువయ్యాయా? ఇసుకలో తేడానా? ఎక్కడ తప్పు చేశానో చెప్పండి ప్లీజ్.

సైట్_ఇంజనీర్

అంత టెన్షన్ దేనికండీ. సున్నంతో పాటు 10 శాతం సిమెంట్ కలపండి, 28 రోజులకి బలం ఈజీగా వస్తుంది. సైట్‌లో మేం చేసేది అదే. గైడ్ హ్యాపీ, మీరు హ్యాపీ.

పాతల్యాబ్

సిమెంట్ జోలికి మాత్రం పోవద్దమ్మా. సైట్‌లో ఆయన అవసరం వేరు, అది నేను కాదనను. కానీ నీ థీసిస్‌లో సిమెంట్ చేరితే, వచ్చిన బలం ఎవరిదో నీకే తెలీదు. సిమెంట్ మోసిన బరువుకి సున్నం పేరు రాస్తావు.

ముందు నీ అంకెల సంగతి చూద్దాం, ఎందుకంటే అసలు కథ అక్కడ ఉంది. 0.4, 0.8, 1.2, 2.0, 2.4, 2.8. తొమ్మిది క్యూబ్‌లు, తొమ్మిదీ 0.4 ఎక్కంలోనే ఉన్నాయి. ఒక్కటైనా 0.5 లేదు, 0.7 లేదు. సున్నానికి ఎక్కాలు రావు కదా! 50 మి.మీ. క్యూబ్ ముఖం 2500 చదరపు మి.మీ. దాన్ని 0.4తో గుణిస్తే 1000 న్యూటన్లు, అంటే సరిగ్గా 1 కిలోన్యూటన్. నువ్వు వాడింది కాంక్రీట్ క్యూబ్‌లు పగలగొట్టే పెద్ద మెషిన్. 2000 కిలోన్యూటన్లదో 3000దో అయ్యుంటుంది, డిస్‌ప్లే ఒక్కో కిలోన్యూటన్ చొప్పున మారుతుంది. అవునా? నీ ఉత్త సున్నం క్యూబ్ పగిలింది ఒకటి రెండు కిలోన్యూటన్ల దగ్గర. లారీ తూచే కాటా మీద కొత్తిమీర కట్ట పెట్టి, అంకె మారలేదు కాబట్టి బరువు లేదు అన్నట్టుంది.

7 రోజుల సున్నాలు కూడా అంతే. అవి సున్నా కాదు, మెషిన్‌కి కనపడనంత చిన్నవి. ఆ 43 శాతం వేరియేషన్‌లో సున్నానిది ఎంతో మెషిన్‌ది ఎంతో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ల్యాబ్‌లో ఆ మెషిన్ క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ అడిగి చూడు, కింది హద్దు ఎక్కడుందో. దాని కింద వచ్చిన అంకెని అంకె అనకూడదు. మెకానికల్ వాళ్ళ దగ్గరో పాలిమర్ల వాళ్ళ దగ్గరో చిన్న యూటీఎం, అంటే లాగి, నొక్కి బలం కొలిచే మెషిన్, ఉంటుంది. దానికి 10 కిలోన్యూటన్ల లోడ్ సెల్ (బలాన్ని కొలిచే సెన్సర్) పెట్టించుకో. క్యూబ్ అర నిమిషానికీ నిమిషంన్నరకీ మధ్య పగిలేలా స్పీడ్ పెట్టు. హ్యాండిల్ తిప్పగానే టప్‌మని పోయిందంటే అది టెస్టు కాదు.

ఇక రెండో సంగతి. 28 రోజులు అనేది సిమెంట్ గడియారం. సిమెంట్‌కి నీళ్ళు కావాలి, నీటితో కలిసే గట్టిపడుతుంది. నీ ఉత్త సున్నానికి కావలసింది గాలి. సున్నపురాయిని 900 డిగ్రీల దగ్గర కాలిస్తే అందులో ఉన్న కార్బన్ డయాక్సైడ్ వెళ్ళిపోతుంది. వంద గ్రాముల స్వచ్ఛమైన రాయిలో 44 గ్రాములు గాల్లో కలుస్తాయి. మిగిలినదానికి నీళ్ళు పోస్తే తడిసున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్. అది మళ్ళీ రాయి కావాలంటే పోగొట్టుకున్న కార్బన్ డయాక్సైడ్ గాలి నుంచి తిరిగి రావాలి. గాలిలో ఉండేదే 0.04 శాతం చిల్లర.

ఒక లెక్క చెప్తాను, నాకు మహా ఇష్టమైన లెక్క. నీ క్యూబ్ ఒక్కోటి సుమారు 225 గ్రాములు ఉంటుంది. ఒకటికి మూడు కొలతలో సున్నం బరువు దాదాపు పదో వంతు, అంటే ఇరవై గ్రాములు అనుకో. ఆ ఇరవై గ్రాములు పూర్తిగా రాయి కావడానికి సుమారు 12 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ కావాలి. ఒక ఘనపు మీటరు గాలిలో ఉండేది ముప్పావు గ్రాము. అంటే గుప్పెట్లో పట్టే ఒక్క క్యూబ్ 16 ఘనపు మీటర్ల గాలిని ఊడ్చెయ్యాలి. మూడు మీటర్ల పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు ఉన్న గదిలో సగానికి పైగా గాలి! నీవి 36 క్యూబ్‌లు. వాటి మీద తడి గోనె కప్పావు.

ఆ గోనె చేసిన పనేమిటంటే, రంధ్రాలన్నిటినీ నీటితో నింపేసింది. కార్బన్ డయాక్సైడ్ గాలిలో కంటే నీటిలో పదివేల రెట్లు మెల్లగా కదులుతుంది. నువ్వు ఆదివారాలు కూడా వెళ్ళి శ్రద్ధగా తలుపులు మూసి వచ్చావన్నమాట. అలాగని పూర్తిగా ఆరబెట్టినా పనికాదు, ఈ రసాయన చర్య జరగడానికి రంధ్రాల గోడల మీద పల్చటి నీటి పొర ఉండాలి. అటు తడిసి ముద్దవ్వకూడదు, ఇటు ఎండి బెరడవ్వకూడదు. గాలిలో తేమ 50 నుంచి 75 శాతం మధ్య ఉంటే సుఖం.

ఇది నాకు ఎలా తెలుసంటే, నేను నీ తప్పుకి సరిగ్గా ఎదురు తప్పు చేశాను. నా పీహెచ్‌డీలో మొదటి 40 నమూనాలని, తేమే శత్రువు అనుకుని, తేమ పీల్చే సిలికా జెల్ పోసిన డెసికేటర్లలో, అంటే గాజు పాత్రల్లో, మూతపెట్టి మూడు నెలలు ఉంచాను. మూత మీద గ్రీజు కూడా రాశాను, గాలి చొరబడకుండా. విరగ్గొట్టి చూస్తే, వేసిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. నీళ్ళూ లేవు, గాలీ లేదు, ఇక ఏం జరుగుతుంది? ఆ రోజు ల్యాబ్‌లో అటెండర్ తప్ప ఎవరూ లేరు. ఆయన నమూనాని గోటితో గీకి చూసి, "సార్, ఇది గోడకి వేస్తే ఈపాటికి రాయయ్యేది" అన్నాడు. కోపం వచ్చింది కానీ ఆయన చెప్పింది నిజం.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది. జిప్ కవర్లో దాచిన ముక్కలున్నాయి చూడు, అవి బంగారం. ఒక ముక్కని సుత్తితో కొత్తగా విరగ్గొట్టు. రంపంతో కోయొద్దు, ముఖ్యంగా నీళ్ళు పోస్తూ కోయొద్దు, సున్నం పూసుకుపోయి ముఖమంతా ఒకేలా కనిపిస్తుంది. దుమ్ము ఊదేసి, ఆల్కహాల్‌లో కలిపిన 1 శాతం ఫినాఫ్తలీన్ చల్లు. ఇంకా సున్నంగా ఉన్నచోట గులాబీ రంగు వస్తుంది, రాయైనచోట రంగు రాదు. క్యూబ్ బయటి ముఖం ఉన్న వైపు నుంచి రంగు లేని అంచు ఎన్ని మి.మీ. ఉందో కొలిచి ఇక్కడ రాయి. ఆ అంచు నీ థీసిస్‌లో అసలు కొలత. బలం దాని వెనకాల వస్తుంది.

మెటాకయోలిన్ మిక్స్‌ల కథ వేరు, అది ఇందులో కలపకు. మెటాకయోలిన్ సున్నంతో నీళ్ళలోనే పనిచేస్తుంది, సిమెంట్‌లో ఏర్పడే జిగురు లాంటి పదార్థాన్నే తయారుచేస్తుంది. నీ తడి గోనె దానికి మేలే చేసింది. అంటే నీ మూడు మిక్స్‌లకి ఒకే క్యూరింగ్ పెట్టి, ఒకదానికి అన్నం పెట్టి ఇంకోదాన్ని పస్తుంచావు. పైగా మెటాకయోలినూ గాలీ ఒకే సున్నం కోసం పోటీ పడతాయి. మెటాకయోలిన్ సున్నాన్ని తినేసిన చోట గులాబీ రంగు లేతగా రావచ్చు, అది చూసి గాలి లోపలికి వెళ్ళిందని రాసేయకు. ఆ మిక్స్‌కి టీజీఏ (వేడి చేస్తూ బరువు ఎంత తగ్గుతుందో కొలిచే పరీక్ష) చేయించాల్సిందే. 400, 500 డిగ్రీల మధ్య పోయే బరువు మిగిలిన సున్నం తాలూకు నీరు, 600 దాటాక పోయేది రాయైన భాగం తాలూకు కార్బన్ డయాక్సైడ్. ఇసుకలో సున్నపురాయి పొడి ఉంటే మాత్రం ఈ లెక్క తప్పుతుంది. క్వార్ట్జ్ ఇసుకేనా?

గోనెపట్టా

సార్, మీరు చెప్పింది చదివి పొద్దున్నే ల్యాబ్‌కి పరిగెత్తాను. మెషిన్ 2000 కిలోన్యూటన్లదే. డిస్‌ప్లేలో దశాంశమే లేదు. నెల రోజులుగా నేను చూస్తూనే ఉన్నాను, ఒక్కసారి కూడా తట్టలేదు.

ముక్కలు విరగ్గొట్టి చల్లాను. ఉత్త సున్నం ముక్క అంతా ముదురు గులాబీ! రంగు లేని అంచు ఒక మి.మీ. ఉందేమో, కొన్నిచోట్ల అదీ లేదు. 10 శాతం మిక్స్ కూడా దాదాపు అంతే. 20 శాతంది మాత్రం మీరన్నట్టే మచ్చలు మచ్చలుగా లేత రంగు.

ఇసుక క్వార్ట్జే, యాసిడ్ వేసి చూశాను, పొంగలేదు.

ఇప్పుడు మిగతా 18 క్యూబ్‌ల మీద గోనె తీసేశాను. మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో ఉప్పు నీళ్ళ గిన్నె పెట్టి ఉంచమని ఒక ఫ్రెండ్ అంది, తేమ కంట్రోల్ అవుతుందట. పెట్టమంటారా? ఇంకో మాట, మా దగ్గర కార్బన్ డయాక్సైడ్ ఛాంబర్ ఉంది. అందులో పెడితే వారంలో అయిపోతుంది కదా?

ఇటుకగోడ

ల్యాబ్ విషయాలు పాతల్యాబ్ గారికి వదిలేస్తాను. నేను పాత కట్టడాల మీద పనిచేసే ఆర్కిటెక్ట్‌ని, ఇంకో వైపు నుంచి చెప్పాలని వచ్చాను.

మీ ప్రశ్న శీర్షికలోనే "గట్టిపడలేదు" అన్నారు. ఎంత గట్టిగా ఉండాలని మీరు అనుకుంటున్నారు? మరమ్మతు మోర్టార్ ఇటుక కంటే మెత్తగా ఉండాలి. గోడ కదిలితే, కుంగితే, ఆ కదలికని తీసుకుని చిట్లాల్సింది అతుకు. అతుకు పోతే గీకేసి మళ్ళీ పెట్టుకోవచ్చు. ఇటుక పోతే ఏం చేస్తారు?

నేను చూసిన ఒక గోడ చెప్తాను. నూట యాభై ఏళ్ళ మెత్తటి ఇటుక గోడ, సున్నం అతుకులు. ఎవరో పుణ్యాత్ములు పై అంగుళం గీకేసి సిమెంట్‌తో నీట్‌గా పాయింటింగ్ చేశారు. నేను వెళ్ళేసరికి ఇటుకల ముఖాలన్నీ పొట్టు రాలినట్టు రాలి అరచెయ్యి పట్టేంత గుంటలు పడ్డాయి. సిమెంట్ గీతలు మాత్రం చెక్కుచెదరకుండా బయటికి పొడుచుకొచ్చి, ఖాళీ తేనెపట్టులా ఉంది గోడ. లోపలి తడి అంతకుముందు అతుకుల్లోంచి బయటికి పోయేది. అతుకు మూసేసరికి ఇటుకలోంచి పోవడం మొదలైంది. తడితో పాటు వచ్చిన లవణాలు ఇటుక ముఖం వెనకాల గడ్డకట్టి దాన్ని పొరలు పొరలుగా ఊడదీశాయి. ఆ సిమెంట్‌ని క్యూబ్ పోసి టెస్ట్ చేస్తే అద్భుతమైన నంబర్ వచ్చి ఉండేది.

కాబట్టి మీ పట్టికలో బలం ఒక్కటే ఉంటే నాలాంటి వాడికి అది పనికిరాదు. నీటిని ఎంత త్వరగా పీలుస్తుంది, ఆవిరిని ఎంత బయటికి వదులుతుంది, ఎలాస్టిక్ మాడ్యులస్ (ఒత్తిడికి లొంగకుండా ఎంత బిర్రుగా ఉంటుందో) ఎంత, ఇటుకకి ఎంత అంటుకుంటుంది, ఇవి ఇవ్వండి.

ఒక విషయంలో మాత్రం పాతల్యాబ్ గారితో పేచీ. స్టీల్ మోల్డ్‌లో పోసిన క్యూబ్ గోడలోని మోర్టార్‌కి ప్రతినిధి కాదు. ఇటుక నీటిని లాగేస్తుంది, స్టీల్ లాగదు. అతుకులో మోర్టార్ పది మి.మీ. మందం, గాలి తగిలేది ఒక్క అంచుకే. గోడలో జరిగేది వేరు, మీ క్యూబ్‌లో జరిగేది వేరు. 36 క్యూబ్‌లకి బదులు చిన్న గోడ ముక్క కట్టి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం.

రాత్రి_చదువరి

మధ్యలో దూరుతున్నందుకు సారీ. 2023లో రోమన్ కాంక్రీట్ మీద ఎంఐటీ వాళ్ళ పేపర్ వచ్చింది కదా, తడిసున్నం బదులు నీళ్ళు తగలని సున్నాన్నే నేరుగా వేడివేడిగా కలిపేవారని, దాంతో పగుళ్ళు వాటికవే పూడిపోతాయని. గోనెపట్టా గారు ఆ పద్ధతి ట్రై చేస్తే పని త్వరగా అవుతుందేమో? రోమ్‌లోని పాంథియన్ గుడి డోమ్ 43 మీటర్ల వెడల్పు, లోపల ఒక్క ఇనుప కడ్డీ లేదు, దాదాపు 1900 ఏళ్ళుగా నిలబడి ఉంది.

పాతల్యాబ్

ఒక్కొక్కరికీ.

రాత్రి_చదువరి గారూ, ఆ పేపర్ నేనూ చదివాను, మంచి పని. పాత రోమన్ ముక్కల్లో కనిపించే తెల్లటి సున్నపు ఉండలని అంతకుముందు చాలామంది సరిగ్గా కలపకపోవడం అనుకునేవారు. ఆ ఉండలే పగులులోకి నీళ్ళొచ్చినప్పుడు కరిగి, మళ్ళీ గడ్డకట్టి దాన్ని పూడుస్తాయని వాళ్ళు చూపించారు. అలా తయారుచేసిన కాంక్రీట్‌లో అర మి.మీ. పగులు రెండు వారాల్లో పూడింది. కానీ రోమన్లది ఉత్త సున్నం కాదు, అందులో అగ్నిపర్వతపు బూడిద ఉంది, అది మెటాకయోలిన్‌కి అన్నగారు. ఈ అమ్మాయికి ఉన్నది ఆరు నెలలు. కొత్త పద్ధతి తెచ్చి ఇంకో వేరియబుల్ నెత్తిన పెట్టొద్దు. పైగా నీళ్ళు తగలని సున్నం అంటే మంట, కంట్లో పడితే కన్ను పోతుంది. అద్దాలు లేకుండా దాని దగ్గరికి పోకూడదు. (సరదాకి చెప్తున్నా, అదే రోమ్‌లో మూడేళ్ళు నానని తడిసున్నాన్ని వాడకూడదని పాత కట్టడ నియమాల్లో ఉండేదని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. నానేకొద్దీ సున్నపు స్ఫటికాలు సన్నబడి పలకల్లా మారతాయని ఈ మధ్యకాలపు మైక్రోస్కోపులు చూపించాయి. ఒకే ఊళ్ళో ఇద్దరు మేస్త్రీలు ఉంటే మూడు పద్ధతులు ఉంటాయి.)

ఇటుకగోడ గారూ, మీరు చెప్పిన తేనెపట్టు గోడ ఫోటో ఉంటే ఈమె మొదటి అధ్యాయంలో పెట్టుకుంటుంది. స్టీల్ మోల్డ్ సంగతి ఒప్పుకుంటాను. కానీ గోడ ముక్క మీద మొదలుపెడితే తేమ, ఇటుక, పనివాడి చెయ్యి అన్నీ కలిసిపోయి, ఏది దేనివల్లో తేలదు. ముందు క్యూబ్‌లో తేలాలి. ఇద్దరం కొట్టుకోకుండా ఒక మధ్యేమార్గం ఉంది, కింద చెప్తాను.

అమ్మా, పెట్టె సంగతి. ఉప్పు ఆలోచన మంచిదే. ఉప్పు అడుగున కరగకుండా మిగిలేంత చిక్కటి ద్రావణం దాదాపు 75 శాతం తేమని పట్టి ఉంచుతుంది. మెగ్నీషియం నైట్రేట్ అయితే 53 చుట్టుపక్కల. కానీ మూత పెట్టావో, నా డెసికేటర్ కథ మళ్ళీ మొదలు. 16 ఘనపు మీటర్ల లెక్క మర్చిపోయావా? పెట్టెలో గాలిలోని కార్బన్ డయాక్సైడ్ గంటల్లో ఖాళీ అవుతుంది. రోజూ మూత తీసి విసరడం కంటే చిన్న అక్వేరియం పంపుతో బయటి గాలిని ఆ ఉప్పు నీళ్ళలోంచి బుడగలుగా పంపి, ఇంకో వైపు చిల్లు పెట్టు. నేను అలాగే చేశాను. రాత్రిళ్ళు ల్యాబ్‌లో చేపల తొట్టి చప్పుడు, అదొక్కటే తోడు.

ఛాంబర్ వద్దనను కానీ దాన్ని అసలు డేటాగా వాడకు. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువిచ్చి తొందరపెడితే, సున్నం రాయయ్యేటప్పుడు విడుదలయ్యే నీరు ఒక్కసారిగా వచ్చి రంధ్రాలు మూస్తుంది, వేడి కూడా పుడుతుంది. వచ్చిన రాయి మామూలు గాలిలో వచ్చిన రాయిలా ఉండదు. పోలికకి ఒక సెట్ పెట్టుకో, చాలు.

ఇక ఎన్నాళ్ళు పడుతుంది అనే లెక్క. లోపలికి వెళ్ళే లోతు కాలానికి వర్గమూలంగా పెరుగుతుంది. మంచి తేమలో 28 రోజులకి 4 మి.మీ. వెళ్ళిందనుకో, 8 మి.మీ. వెళ్ళడానికి 56 రోజులు కాదు, 112. క్యూబ్ నడిమధ్య, 25 మి.మీ. చేరడానికి సుమారు 1094 రోజులు, మూడేళ్ళు. అన్ని పక్కల నుంచీ వస్తుంది కాబట్టి కాస్త ముందే అవుతుంది, అయినా నీ డిగ్రీ అప్పటిదాకా ఆగదు. కానీ తలకిందులుగా చూడు. 4 మి.మీ. తొక్క అంటే చిన్నది అనిపిస్తుంది కదా, క్యూబ్ ఘనపరిమాణంలో అది 41 శాతం. 8 మి.మీ. అయితే 69 శాతం. లోతుని కాదు, రాయైన ఘనపరిమాణాన్ని ఒక అక్షం మీద, బలాన్ని ఇంకో అక్షం మీద పెట్టి గీత గియ్యి. రోజుల్ని పక్కన పెట్టేయి. అప్పుడు 28 రోజులకి ఎందుకు రాలేదు అని కమిటీ అడిగితే, ఆ ప్రశ్నకి జవాబే నీ అధ్యాయం. నీ గోనె బ్యాచ్ కూడా ఆ గ్రాఫ్‌లో ఎడమ కొసన కూర్చుంటుంది.

మధ్యేమార్గం ఇది: ఇకపై పోసేవి క్యూబ్‌లు కాదు, 40 × 40 × 160 మి.మీ. బార్లు. వంచి విరిస్తే ఒక బలం, రెండు ముక్కల్ని నొక్కితే ఇంకో రెండు అంకెలు, విరిగిన ముఖం మీద ఫినాఫ్తలీన్. ఒక్క బార్‌లో నాలుగు కొలతలు. వాటితో పాటు, తడిపిన రెండు ఇటుకల మధ్య 10 మి.మీ. అతుకు పెట్టిన జోడీలు ఒక పది చెయ్యి, ఇటుకగోడ గారి కోసం. 20 మి.మీ. మందం బిళ్ళలు కూడా కొన్ని. నేను చెప్పిన లెక్కలో అవి నడిమధ్య దాకా రాయవడానికి సుమారు 175 రోజులు, నీ ఆరు నెలల్లో సరిపోతాయి.

సైట్_ఇంజనీర్

ఇటుకగోడ గారి తేనెపట్టు గోడ లాంటిది నేనూ ఒకటి చేసి ఉంటానని అనుమానం. సిమెంట్ సలహా వెనక్కి తీసుకుంటున్నాను. జోడీలు కట్టేటప్పుడు ఇటుకని ఎంతసేపు నానబెట్టాలో మేస్త్రీని అడగండి, పుస్తకం చూసి చేయొద్దు.

గోనెపట్టా

నెల తర్వాత వచ్చాను, క్షమించాలి.

గైడ్‌కి 0.4 ఎక్కం చూపించాను. ఆయన కాసేపు కాగితం వంకే చూసి, "ఈ మెషిన్ మీద నేను చేసిన పాత టెస్టులు కూడా చూసుకోవాలి" అన్నారు. ఇక మిక్స్ మార్చమనలేదు.

అక్వేరియం పంపు పెట్టాను. 56 రోజుల క్యూబ్‌లు 10 కిలోన్యూటన్ల లోడ్ సెల్ మీద పగలగొట్టాను. ఉత్త సున్నం 0.71, 0.76, 0.68. అంకెలు ఇంత దగ్గరగా ఉండటం చూసి నేనే నమ్మలేదు. గోనె తీశాక ఈ 28 రోజుల్లో రంగు లేని అంచు 4 నుంచి 5 మి.మీ. అయింది. ఒక ముక్కలో అంచుకి లోపల సన్నటి గీతలు, చెట్టు దుంగలో వలయాల్లా, ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. ఫోటో తీసి పెట్టాను. అది నా పొరపాటా, నిజంగానే అలా వస్తాయా?

20 శాతం మిక్స్ ఇంకా మచ్చలుగానే ఉంది. టీజీఏకి స్లాట్ వచ్చే గురువారం దొరికింది. బార్లు 24 పోశాను, ఇటుక జోడీలు పది కట్టాను. అందులో రెండు చేత్తో తీస్తుంటేనే ఊడొచ్చాయి. ఇటుకలు సరిగ్గా నానలేదని మేస్త్రీ అన్నాడు.

పాతల్యాబ్

నిజంగానే వస్తాయి. వాటిని లీసెగాంగ్ వలయాలు అంటారు. సున్నం ఒకే ఊపులో రాయవకుండా ఆగి ఆగి అంచెలంచెలుగా అవడం వల్ల పడతాయి. ఆ ముక్కని దేనికీ వాడకు, విరిగిన ముఖం గాలికి మారిపోకముందే దగ్గరి నుంచి స్కేలు పెట్టి ఇంకో నాలుగు ఫోటోలు తియ్యి.

ఊడిపోయిన జోడీలు రెండూ పారేయలేదు కదా? ఇటుక వైపు ముఖానికి ఫినాఫ్తలీన్ చల్లి చూడు, గాలి అటు నుంచి కూడా వచ్చిందేమో.